పదో తరగతి దగ్గర గీసిన గీత: నెల్లూరు తీరం నుంచి కువైట్ దాకా

శుక్రవారం రాత్రి నెల్లూరు తీరంలోని దళితవాడల్లో ఫోన్లు మోగుతాయి. కువైట్‌లో అది సెలవు రోజు. ఇళ్లల్లో పనిచేసే మన ఆడబిడ్డలకు చాలామందికి ఆ రోజు కూడా సెలవుండదు గానీ, సేఠు కుటుంబం బయటికి వెళితే కాసేపు ఫోన్ పట్టుకునే వీలు దొరుకుతుంది. ఐఎమ్‌ఓలో వీడియో కలుస్తుంది. ఇక్కడ అవ్వ ఒడిలో నాలుగేళ్ల పిల్ల. అక్కడ పాతికేళ్ల తల్లి ముఖం, దాని వెనక బాత్‌రూమ్ టైల్స్. ‘తిన్నావా అమ్మా’ అని ఇద్దరూ ఒకేసారి అడుగుతారు. తర్వాత డబ్బుల మాట, అప్పు మాట, స్లాబు మాట. పిల్ల మధ్యలో లేచి ఆడుకోవడానికి వెళ్లిపోతుంది.

కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలతో పాటు నెల్లూరు నుంచి కూడా ఏళ్ల తరబడి ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ వెళుతున్నారు. అక్కడ వాళ్లను ‘ఖద్దామా’ అంటారు. ఇక్కడ ‘కువైటుకు పోయినామె’ అంటారు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసే అబ్బాయిని మాత్రం ఎన్ఆర్ఐ అంటారు. ఇద్దరూ ప్రవాసులే, ఇద్దరూ ఇంటికి డబ్బు పంపేవాళ్లే. ఆ రెండు మాటల మధ్య దూరం భాషలో పుట్టింది కాదు, పాస్‌పోర్టులోనే అచ్చయి ఉంది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నడిచే పద్ధతిలో పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కిందికి వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ అడ్డు లేదు. పదో తరగతి దాకా ఎవరి పిల్లలు వస్తారు, ఎవరి పిల్లలు ఎనిమిదిలోనే బడి మానేసి నాట్లకూ రొయ్యల షెడ్లకూ వెళతారు అన్నది ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. చట్టంలో కులం అన్న మాట ఎక్కడా లేదు. గీత గీసిన చోటు మాత్రం సరిగ్గా మన వాడల మీదుగా పోతుంది.

ఆడవాళ్లకు ఇంకో గీత ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. ఉద్దేశం రక్షణ అన్నారు. దళారుల మోసాలు, లైంగిక హింస, జీతాల ఎగవేత నిజమే కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ 22 ఏళ్లకే ఇద్దరు బిడ్డల తల్లి అయి, మొగుడు చేసిన అప్పుకు తాను పూచీ పడ్డ మనిషి 30 నిండేదాకా ఆగుతుందా? ఆగదు. ఊళ్లో సబ్ ఏజెంటు ఉంటాడు, చాలాసార్లు తెలిసినవాడే, ఒక్కోసారి చుట్టమే. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మారుతుంది. లేదంటే విజిట్ వీసా మీద చెన్నైలోనో ముంబైలోనో విమానం ఎక్కిస్తారు. అడిగితే చుట్టాలను చూడ్డానికి వెళుతున్నానని చెప్పమని నేర్పిస్తారు.

రక్షణ కోసం పెట్టిన నిబంధన ఆమెను దొంగదారిలోకి నెట్టిన క్షణం నుంచి ఆమెకు ఏ రక్షణా వర్తించదు. అనుమతి తీసుకుని వెళ్లిన ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్లినామెకు ఆ బీమా ఉండదు. ఎంతమందికి అనుమతి ఇచ్చారో ఆ లెక్కలోనూ ఆమె ఉండదు. అనుమతి తీసుకున్నవాళ్ల లెక్కలైనా రాష్ట్రాల వారీగా, దేశాల వారీగా బయటికి వస్తాయి గానీ కులాల వారీగా రావు. గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్లలో దళితులు ఎందరని ఎవరైనా అడిగితే ప్రభుత్వం దగ్గర చెప్పడానికి అంకె లేదు.

కువైట్‌లో చట్టమే లేదని కాదు. ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఉండాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. మన లెక్కలో దాదాపు 17 వేలు. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటి పనివాళ్ల మీద అవగాహన ఒప్పందం కూడా చేసుకున్నాయి. అయితే ఆ చట్టాన్ని అమలు చేయాల్సింది నాలుగు గోడల లోపల. అకామా కఫీల్ చేతిలో ఉంటుంది. పాస్‌పోర్టు ఆయన సొరుగులో ఉంటుంది. ఏజెన్సీకి వందల దీనార్లు కట్టి తెచ్చుకున్నానని ఆయన లెక్క, కొన్నానని ఆయన భావన. హింస భరించలేక ఇల్లు దాటితే ‘పారిపోయింది’ అని కేసు. ఆ రోజు నుంచి ఆమె ‘ఖల్లివల్లి’. 2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అవుట్‌పాస్ కోసం ఎంబసీ ముందు నిలబడ్డ వరసలు అలాంటివాళ్లవే.

ఆ వరసల్లో మనవాళ్ల పక్కనే నేపాలీ ఆడవాళ్లూ ఉంటారు. నేపాల్ అనుభవం మనకు పనికొస్తుంది. 1998లో కువైట్‌లో కానీ షెర్పా అనే కార్మికురాలు చనిపోయాక, ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్లకుండా ఆ దేశం నిషేధం పెట్టింది. తర్వాత ఎత్తేసింది, మళ్లీ పెట్టింది, 2017లో ఇంటి పని మీద ఇంకోసారి పెట్టింది. ఆడవాళ్లు ఆగలేదు. సరిహద్దు దాటి మన ఢిల్లీ, ముంబై విమానాశ్రయాల నుంచి వెళ్లారు. మన 30 ఏళ్ల నిబంధన చేసిన పనీ అదే. ఆ దేశపు ఆదాయంలో నాలుగో వంతు దాకా బయటికెళ్లిన పిల్లలు పంపే డబ్బే. 2025 సెప్టెంబరులో ఖాట్మండు వీధుల్లోకి వచ్చిన యువతరాన్ని మన చానళ్లు ‘సోషల్ మీడియా నిషేధం మీద కోపం’ అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. నాయకుల పిల్లల విలాసాలు ఒకవైపు, పనికోసం రోజూ విమానం ఎక్కే తోటివాళ్లు ఇంకోవైపు ఉన్న దేశంలో రగిలిన కోపం అది. మన దగ్గర ఆ కోపం ఎందుకు రాలేదు? నా అంచనా ఏమిటంటే, నేపాల్‌లో వలస అన్ని వర్గాల ఇళ్లనూ తాకింది. ఇక్కడ గల్ఫ్ వలస కొన్ని వాడలకే పరిమితమై, ఊరికి అది సొంత బాధ కాలేదు.

మరి ఇక్కడే ఉండిపోయినవాళ్ల సంగతి? నెల్లూరు తీరం బయటివాళ్ల కంటికి అభివృద్ధి పటం. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం పోర్టు, పక్కనే థర్మల్ కేంద్రం. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి, పేదలకు బంజరు భూములు పంచిన మనిషి. ఆయన పేరున్న కేంద్రం చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్ల మీద బూడిద పడుతుంది. ఆ గేటు లోపల మన పిల్లలకు దొరికేది ఎక్కువగా కాంట్రాక్టరు కింద రోజు కూలి.

రొయ్యల గుంటల కథ ఇంకా పాతది. 1990లలో వరి పండిన నేలలు, అసైన్డ్ భూములు గుంటలయ్యాయి. బోర్లలోకి ఉప్పునీళ్లు వచ్చాయి. 1977 చట్టం అసైన్డ్ భూమి చేతులు మారకూడదంది, కానీ లీజు కాగితం రాసుకోవడానికి చట్టం అడ్డొస్తుందా? సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమంది. తర్వాత వచ్చిన 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం వాటికి దారి తెరిచింది. భూమి పోయినవాళ్ల కూతుళ్లు ఇప్పుడు అదే రొయ్యల తలలు తీసే షెడ్లలో ఐసు నీళ్లలో నిలబడతారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారుల నష్టం గురించి పేజీలు నిండాయి. సరుకు తగ్గితే ముందు పని రోజులు తగ్గేది షెడ్లో కిలోల లెక్కన కూలి తీసుకునేవాళ్లకు. వాళ్ల మీద పేజీలు నిండలేదు. కువైట్ ఏజెంటు ఫోన్ మోగేది అలాంటి నెలల్లోనే.

అదే ఇంట్లో తమ్ముడు బీటెక్ చదివి ఉంటాడు. అక్క పంపిన దీనార్లతో హాస్టల్ ఫీజు కట్టారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడిందని అతని సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. అక్క పాస్‌పోర్టు కఫీల్ సొరుగులో, తమ్ముడి సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో. అతను ఉదయం డెలివరీ బైకు, సాయంత్రం కానిస్టేబుల్ పరీక్ష పుస్తకం. విదేశీ చదువుకు ‘అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి’ ఉంది కదా అంటారు. 2022లో ఒక ప్రభుత్వం ఆ పథకం పేరు మార్చింది, 2024లో ఇంకో ప్రభుత్వం పాత పేరు తిరిగి పెట్టింది. అంబేడ్కర్ పేరు కోసం పోరాడాల్సిందే, పోరాడాం. కానీ తీరం వాడల్లో విదేశం అనే మాటకు యూనివర్సిటీ అనే అర్థం ఇంకా రాలేదు.

ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్లను ఆదుకునే కొత్త పద్ధతి సెల్ఫీ వీడియో. 2024 జులైలో కువైట్ ఎడారిలో చిక్కుకున్న అన్నమయ్య జిల్లా కార్మికుడి వీడియో వైరల్ అయింది, ప్రభుత్వం స్పందించి ఇంటికి తెచ్చింది. మంచిదే. అయితే వీడియో తీయాలంటే చేతిలో ఫోన్ ఉండాలి. వచ్చిన రోజే ఫోన్ లాక్కున్న ఇంట్లో ఉన్నామె ఏ మంత్రిని ట్యాగ్ చేస్తుంది?

1983 చట్టం స్థానంలో తేవాలనుకుంటున్న ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను 2025 అక్టోబరులో కేంద్రం అభిప్రాయాల కోసం పెట్టింది. దాని మీద విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు అడగాల్సినవి గట్టిగా అడగాలి. వయసు నిషేధం బదులు ఏ దారిన వెళ్లినా వర్తించే బీమా కావాలి. వెళ్లేవాళ్ల లెక్క కులం వారీగా తీయాలి. దళారి మీద కేసు పెట్టడానికి బాధితురాలు తిరిగొచ్చేదాకా ఆగకుండా, ఊళ్లో ఉన్న తల్లి ఫిర్యాదు చేసినా చెల్లాలి. ఇది జరగాల్సింది ఢిల్లీలో మాత్రమే కాదు. ఒకటో తారీఖున పింఛను పట్టుకుని గడప దగ్గరికి వచ్చే సచివాలయ ఉద్యోగికి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో తెలుసు. రేషన్ కార్డులో ఎందరో తెలుసు, కరెంటు యూనిట్లు ఎన్నో తెలుసు. ఆ ఇంటి కోడలు ఏ ఏజెంటు ద్వారా, ఏ వీసా మీద, ఏ కఫీల్ దగ్గరికి వెళ్లిందో రాసుకోవడానికి ఆయన చేతిలోని యాప్‌లో గడి లేదు.