గెలిచిన కారు, తిరిగిరాని డ్రైవరు

ఫార్ములా వన్ చరిత్రలో చనిపోయాక ప్రపంచ ఛాంపియన్ అయినవాడు ఒక్కడే. అతని పేరు యోఖెన్ రిండ్ట్. 1970లో లోటస్ జట్టు కారు నడిపాడు. చనిపోయి కూడా గెలిచిన వీరుడంటూ చాలామంది ఈ కథ చెబుతారు. నాకు అలా చెప్పడం నచ్చదు. అందులో జట్టు బాధ్యత మరుగున పడిపోతుంది.

రిండ్ట్ మనలాంటి పిల్లలకు కొంచెం దగ్గరివాడే. పుట్టింది జర్మనీలోని మైంజ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుదాడికి తల్లిదండ్రులు బలైపోతే, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. పోటీ చేసింది ఆస్ట్రియా లైసెన్సుతో. "మీదే ఊరు?" అని అడిగితే అతను కూడా మనలాగే కాస్త ఆలోచించి జవాబు చెప్పేవాడేమో!

లోటస్ యజమాని కోలిన్ చాప్‌మన్‌కు తేలికైన కార్లంటే ప్రాణం. ఆ ఏడాది వచ్చిన లోటస్ 72లో, ముందు చక్రాల్లో ఉండాల్సిన బ్రేకులను కారు లోపలికి జరిపి, ఒక్కో బ్రేకును చక్రానికి ఒక కడ్డీతో కలిపారు. చక్రాల దగ్గర బరువు తగ్గితే కారు రోడ్డును బాగా పట్టుకుంటుంది. మొనాకోలో పాత కారుతోనే గెలిచిన రిండ్ట్, కొత్త కారుతో నెదర్లాండ్స్, ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీ పందేలు వరుసగా నాలుగూ గెలిచాడు. వాటిలో నెదర్లాండ్స్ గెలుపు అతనికి సంతోషం ఇవ్వలేదు. అదే పందెంలో అతని ఆప్తమిత్రుడు పియర్స్ కరేజ్ ప్రమాదంలో చనిపోయాడు.

సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో ప్రాక్టీసు జరుగుతోంది. మలుపు దగ్గర బ్రేకు వేయగానే రిండ్ట్ కారు పక్కకు లాగేసి, ట్రాక్ అంచున ఉన్న ఇనుప కంచెను గుద్దుకుంది. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. ముందు కుడివైపు బ్రేకు కడ్డీ విరిగిందని విచారణలో తేలింది. నాలుగు గెలుపులు తెచ్చిపెట్టిన ఏర్పాటులోనే ఆ కడ్డీ కూడా ఒక భాగం.

బెల్టు పట్టీలన్నీ పెట్టుకోకపోవడం అతని తప్పు కాదా అని కొందరంటారు. నిజమే, పెట్టుకోలేదు. కంచె కూడా సరిగ్గా బిగించి లేదు. కానీ అంతకు ముందు ఏడాదే స్పెయిన్‌లో కారు రెక్క విరిగి ప్రమాదం జరిగాక, కార్లలో బలహీనంగా ఉన్న భాగాలను గట్టిపరచమని రిండ్ట్ స్వయంగా చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు. నడిపేవాడే భయంగా ఉందని చెప్పాక, బరువు తగ్గించడం కంటే ఆ భయం పోగొట్టడం ముందు జరగాలి. నేను జట్టును తప్పుపట్టేది ఇక్కడే.

తర్వాత లోటస్ చేసింది మాత్రం నాకు సరైనదే అనిపిస్తుంది. కెనడా పందేనికి వెళ్ళలేదు. అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌కు వచ్చింది. ఫెరారీ డ్రైవరు జాకీ ఇక్స్ అక్కడా, చివరిదైన మెక్సికోలోనూ గెలిస్తే రిండ్ట్‌ను దాటేస్తాడు. లోటస్‌కు ముందు వరసలో ఉన్నది 23 ఏళ్ళ బ్రెజిల్ కుర్రాడు ఎమర్సన్ ఫిట్టిపాల్డి. ఫార్ములా వన్‌లో అతనికది నాలుగో పందెం మాత్రమే. అతనే గెలిచాడు! ఇక్స్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. చివరికి రిండ్ట్‌కు 45 పాయింట్లు, ఇక్స్‌కు 40. జట్టు ఛాంపియన్‌షిప్ కూడా లోటస్‌దే.

లేని మనిషికి ట్రోఫీ ఎందుకని వాదించేవాళ్ళు మన స్కూలు సంగతి గుర్తు చేసుకోవాలి. నవంబరులో వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి హౌస్ కెప్టెన్ టీసీ తీసుకుని వెళ్ళిపోతాడు. అతను తెచ్చిన పాయింట్లను ఎవరైనా చెరిపేస్తారా? మరణాన్ని బదిలీతో పోల్చకూడదని నాకూ తెలుసు. పాయింట్ల వరకే ఈ మాట.

రిండ్ట్ ట్రోఫీని అతని భార్య నీనా అందుకుంది. రెండేళ్ళ తర్వాత, 1972లో, అదే లోటస్ 72 రకం కారుతో ఫిట్టిపాల్డి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ కారును పొగుడుతూ చాలా రాశారు, ఇంకా రాస్తారు. అలా రాసే ప్రతిచోటా మోంజాలో విరిగిన కడ్డీ గురించి, అంతకు ముందు రిండ్ట్ రాసిన ఉత్తరం గురించి కూడా ఉండాలని నేను కోరుకుంటాను.