అమ్మిన ఇంటిలో మిగలవలసినవి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటి ప్రయాస ఎరుగని గృహస్థు లేడు. కాని కట్టిన ఇంటిని అమ్మవలసి వచ్చినప్పుడు పడే ప్రయాసను గురించి ఆ సామెత ఏమీ చెప్పదు. పూర్వం ఇల్లు అమ్ముకోవటం తలవంపుగా భావించేవారు. నలుగురిలో చెప్పుకునే విషయం కాదు. నేడు కాలం మారింది. నగరంలో ఇళ్ళు చేతులు మారటం నిత్యకృత్యమైంది. ఇంటి గోడలతోపాటు ఏవి కొన్నవారికి చెందుతాయి, ఏవి అమ్మినవారు తీసుకుపోవచ్చు అనే ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. అయితే బేరం కుదిరిన తరువాత మనసులు విరిగేది తరచుగా ఈ చిన్న ప్రశ్న దగ్గరే. కనుక ఇది విద్యార్థులూ, పెద్దలూ కూడా ఆలోచించదగిన విషయమని నా అభిప్రాయం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాలను చూస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది. 1918లో విశ్వవిద్యాలయం వెలసింది. 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది. విశ్వవిద్యాలయపు హద్దున ఉండిన తీగకంచె, దాని నాకా కలిసి 'తార్ నాకా' అయి, క్రమంగా తార్నాక అయిందని చెబుతారు. 1958లో పోషకాహార పరిశోధనాలయం కూనూరు నుండి ఇక్కడికి తరలివచ్చింది. ఈనాడు భారత రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడే ప్రాంతీయ పరిశోధనాలయం, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆ చుట్టుపక్కలనే నెలకొన్నాయి. అందుచేత ఇక్కడ అధ్యాపకులు, శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు ఎందరో స్థిరపడ్డారు. ఉద్యోగమున్నంతకాలం క్వార్టరులో ఉండి, కూడబెట్టిన సొమ్ముతో తార్నాకలోనో, హబ్సిగూడలోనో నాలుగు గదులు వేసుకొని, ముంగిట మామిడిమొక్క నాటుకున్నవారు వారిలో అనేకులు. ఇప్పుడు వారి పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. 2017లో మెట్రో రైలు కూడా ఈ దారినే వచ్చింది. ఆ పాత ఇళ్ళు ఒక్కొక్కటిగా అమ్ముడుపోతున్నాయి.

ఇట్టి బేరాల్లో మాట్లాడేదంతా గజం ధర గురించే. ఇంటిలోని సామాను మాట ఎవరూ ఎత్తరు. నాకు తెలిసిన ఒక బేరంలో జరిగినది చెబుతాను. అమ్మినవారు పదవీవిరమణ చేసిన అధ్యాపకులు. కొన్నవారు ఒక మధ్యతరగతి కుటుంబీకులు. బేరం కోటిరూపాయలకు పైమాట. ఇల్లు చూపినప్పుడు పంకాలు తిరుగుతున్నాయి, గీజరులో వేడినీళ్ళు వస్తున్నాయి, బోరు మోటారు నడుస్తున్నది. తాళంచెవులు చేతికి వచ్చిననాడు చూస్తే పైకప్పుకు కొక్కేలు మిగిలాయి, తీగలకు టేపు చుట్టి ఉంది, బోరులోని మోటారు పైకి తీసేశారు. "అవి మా అబ్బాయి కొన్నవి" అన్నారు అమ్మినవారు. "నడుస్తున్న బోరును చూసే కదండీ మేము ధర ఒప్పుకున్నది" అన్నారు కొన్నవారు. సామాను విలువ అంతా కలిపి ముప్పైవేలు దాటదు. అయినా ఆఖరు వాయిదా సొమ్ము ఆగిపోయింది, పెద్దమనుషులు కూర్చున్నారు, చెట్టుమీది మామిడికాయలు ఎవరివన్నది కూడా తగాదాలోకి వచ్చింది. చివరకు రాజీ కుదిరింది. కాని ముప్పైయేళ్ళు కాపురమున్న వీధిలో నలుగురికీ చెప్పి వెళ్ళే అవకాశం లేకుండానే ఆ వృద్ధదంపతులు విమానమెక్కారు. ఆ నష్టానికి ఏ లెక్క కట్టగలం?

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అమ్మినప్పుడు వేరే ఉద్దేశం వ్యక్తమైతే తప్ప, తాళాలు, తాళంచెవులు, గడియకమ్ములు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతంగా వాడుకోవటానికి ఏర్పరచిన ఇతర వస్తువులు కొన్నవారికే సంక్రమిస్తాయి. అదే చట్టంలోని 3వ సెక్షన్ భూమిలో వేరూనినవి, భూమిలో పాతుకున్నవి, అట్లా పాతుకున్నదాని శాశ్వతోపయోగం కోసం దానికి బిగించినవి అని మూడు విధాలుగా వస్తువులను వివరిస్తుంది. 55వ సెక్షన్ అమ్మేవారి బాధ్యతలు చెబుతుంది. మామూలు జాగ్రత్తతో చూస్తే కనబడని ముఖ్యలోపాలు తమకు తెలిసివుంటే కొనేవారికి చెప్పాలి. ఒప్పందం నాటినుండి అప్పగింత దాకా, వివేకవంతుడైన యజమాని వలె ఆస్తిని కాపాడాలి. బయానా పుచ్చుకున్న తరువాత తలుపు ఊడదీయటం ఈ బాధ్యతకు విరుద్ధమే.

ఇది పాశ్చాత్యులు తెచ్చిన ఆలోచన మాత్రమే అనుకోరాదు. మన శాసనాల్లో, పాత దస్తావేజుల్లో భూమి ఇచ్చినప్పుడు నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో ఇచ్చినట్లు వ్రాసేవారు. నేలలోని రాయినీ నీటినీ కూడా పేరుపెట్టి లెక్కించిన ఆ పద్ధతిలో ఎంతో ముందుచూపు ఉన్నది. అట్లే, 12వ శతాబ్దంలో మర్గీనానీ రచించిన 'హిదాయా' అనే హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ఇల్లు అమ్మితే కట్టడమూ, బిగించిన తాళాల చెవులూ పేరు చెప్పకపోయినా అమ్మకంలో చేరతాయని నిర్ణయించింది. నేల అమ్మితే చెట్టు చేరుతుంది. చెట్టు మీది పండు మాత్రం కొనేవారు ముందుగా షరతు పెట్టుకుంటే తప్ప అమ్మినవారిదే. హామిల్టన్ ఆంగ్లానువాదం 1791లో వెలువడిన తరువాత ఈ గ్రంథం బ్రిటిషు ఇండియా న్యాయస్థానాల్లోనూ ప్రమాణంగా వాడబడింది. మన 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం కూడా చెట్టుమీది పండును చరాస్తిగానే లెక్కిస్తుంది. తార్నాక మామిడికాయల తగాదా ఎంత పాతదో దీనివల్ల గ్రహించవచ్చు.

అయితే 'శాశ్వతోపయోగం' అంటే ఏమిటి? ఇక్కడే చిక్కు. 1872లో ఇంగ్లండులో హాలండ్, హాడ్జ్‌సన్ అనేవారి వ్యాజ్యంలో, మిల్లు నేలకు మేకులతో బిగించిన మగ్గాలు మిల్లులో భాగమా కాదా అన్న ప్రశ్న వచ్చింది. భాగమే అన్నారు న్యాయమూర్తులు. వస్తువు ఎంత గట్టిగా బిగించబడింది, ఏ ఉద్దేశంతో బిగించబడింది అనే రెండు ప్రశ్నలు వేసుకోవాలని ఆ తీర్పు నేర్పింది. అమ్మకానికి పేర్చిన రాళ్ళు చరవస్తువులు. అవే రాళ్ళు సున్నం లేకుండా గోడగా పేరిస్తే నేలలో భాగం. రాయి మారలేదు, ఉద్దేశం మారింది.

ఈ రెండు ప్రశ్నలతో మన ఇళ్ళను పరిశీలిద్దాం. గోడలో కట్టిన అలమార, వంటగదిలోని గట్టు, కుళాయిలు, కిటికీల ఊచలు, సంపు మీది మూత నిస్సందేహంగా ఇంటివే. మంచం, బీరువా, రిఫ్రిజిరేటరు, కర్టెన్లు ఇంటివారివి. వంటగ్యాసు కనెక్షను వినియోగదారుని పేరిట ఉంటుంది కాబట్టి ఇంటితో పోదు. మధ్యలో ఉన్నవే తగాదా తెచ్చేవి. పంకాను రెండు మరలు విప్పి దింపవచ్చు. అయినా అది ఇంటికోసమే బిగించినది. గీజరు, గోడకు తగిలించిన ఏసీ, ఇన్వర్టరు, డాబామీది సౌరఫలకాలు, చిమ్నీ, కొలతలు తీసి చేయించిన చెక్క అలమారలు ఈ కోవకు చెందుతాయి. బోరు మోటారు లేనిదే బోరు నిరుపయోగం. కనుక అది ఇంటితో ఉండటమే న్యాయమని నేననుకుంటాను. కాని నా అభిప్రాయం ఒకటి, అమ్మేవారి అభిప్రాయం ఒకటి కావచ్చు. చట్టమే 'వేరే ఉద్దేశం వ్యక్తమైతే తప్ప' అని దారి విడిచిపెట్టింది. ఆ ఉద్దేశాన్ని ముందుగా కాగితం మీద వ్యక్తం చేయటం ఒక్కటే తగాదాకు మందు.

కనుక నా సూచన ఇది. ధర ఖాయం చేసి బయానా ఇవ్వకముందే ఉభయులూ కలిసి ఇల్లంతా తిరిగి ఒక జాబితా వ్రాసుకోవాలి. ఇంటితో ఉండేవి, అమ్మేవారు తీసుకుపోయేవి, విడిగా వెలకట్టి ఇచ్చేవి అని మూడు భాగాలు చాలును. ప్రతి వస్తువు పనిచేస్తున్నదీ లేనిదీ ప్రక్కన వ్రాయాలి. తీసుకుపోయే వస్తువు ఊడదీసినచోట గోడను ఎవరు బాగుచేయాలో కూడా చెప్పుకోవాలి. ఈ జాబితాపై ఇద్దరూ సంతకాలు చేసి అగ్రిమెంటుకు జతపరచాలి. పిల్లలు విదేశాల్లో ఉండి పవరాఫ్ అటార్నీ ద్వారా అమ్మేచోట ఇది మరీ అవసరం. ఆ ఉయ్యాలబల్ల తమకు కావాలని కొడుకు అక్కడినుండి, అది ఇచ్చేశామని బంధువు ఇక్కడినుండి చెబితే కొన్నవారి గతి ఏమిటి?

విడిగా వెలకట్టే విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. నిజంగా చరవస్తువులైన వాటికి న్యాయమైన ధర కట్టి రసీదు వ్రాసుకోవటం తప్పు కాదు. కాని స్టాంపు సుంకం తగ్గించుకోవటానికి ఇంటి ధరలో సగం సామాను పేరిట వ్రాయటం మోసం. డంకన్స్ ఇండస్ట్రీస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, భూమిలో స్థిరంగా పాతిన ఎరువుల కర్మాగారపు యంత్రాలు కూడా స్థిరాస్తేనని, వాటి విలువపైనా సుంకం చెల్లించవలసిందేనని తేల్చింది. యంత్రాలకే ఆ తీర్పు వర్తిస్తే గోడ అలమార ఏపాటి?

బిల్డరు వద్ద కొత్త ఫ్లాటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కొంత రక్షణ ఇచ్చింది. ముందు చెప్పిన అమరికలను, సదుపాయాలను కొనుగోలుదారు అంగీకారం లేకుండా మార్చరాదని 14వ సెక్షన్ శాసిస్తుంది. పాత ఇల్లు ఒక గృహస్థు మరొక గృహస్థుకు అమ్మేచోట ఆ రక్షణ లేదు. అక్కడ దిక్కు 1882 నాటి చట్టమూ, ఉభయుల మంచితనమూ. ఇక పడగొట్టి అపార్టుమెంటు కట్టే ఉద్దేశంతో ఇల్లు కొనేవారున్నారు. తండ్రి చేయించిన టేకు ద్వారబంధం పాతకలప దుకాణానికి పోతుందని తెలిస్తే ఏ బిడ్డకు బాధ కలగదు? ఆ తలుపు కావాలని ముందే అడిగితే కొనేవారు కాదనరు. అంతా రిజిస్టరైన తరువాత అడిగితే అది యాచన అవుతుంది.

ఇల్లు కొనే వయసు మాకింకా రాలేదని విద్యార్థులు ఉపేక్షించరాదు. విశ్వవిద్యాలయ ప్రాంతంలో గదులు అద్దెకు తీసుకొని చదువుకునే వారెందరో. అద్దెకున్నవారు తాము బిగించుకున్న వస్తువులను స్వాధీనం విడిచేలోగా తీసుకుపోవచ్చుననీ, ఇల్లు తమకు అప్పగించిన స్థితిలోనే తిరిగి అప్పగించాలనీ ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. చేరేనాడే పంకాలు, బల్బులు, పగిలిన అద్దాలు వ్రాసిపెట్టుకుంటే, ఖాళీచేసేనాడు అడ్వాన్సులో కోత పడదు. అంతకుమించి, మన ఇళ్ళలో అనేకచోట్ల దస్తావేజు చదివి తల్లిదండ్రులకు అర్థం చెప్పవలసినది కళాశాలలో చదివే బిడ్డే. ఆ బిడ్డ గజాల లెక్కతోపాటు సామాను మాట కూడా జ్ఞాపకం చేయాలి.

మర్యాదస్తుల మధ్య ఇన్ని వ్రాతలెందుకు, నమ్మకం లేదా అని కొందరంటారు. క్వార్టరు ఖాళీచేసే ఉద్యోగి పంకాలు, కుళాయిలు లెక్కపెట్టి అప్పజెప్పి సంతకం చేయటం సర్కారు కొలువులో అందరూ ఎరిగినదే. అందులో తనకు అవమానం జరిగిందని ఎవరూ అనుకోరు. సర్కారు ఇంటికి పనికివచ్చే లెక్క సొంత ఇంటికి పనికిరాకపోతుందా? వ్రాత లేనిచోట ఇద్దరు మంచివారికి కూడా రెండు జ్ఞాపకాలుంటాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకుండానే తగాదా పుడుతుంది.

అమ్మేవారికి చివరిగా ఒక మాట. చట్టం అనుమతించినదంతా ఊడ్చుకుపోనక్కరలేదు. ఒక బల్బు వెలుగుతుండగా, కుళాయిలో నీళ్ళు వస్తుండగా ఇల్లు అప్పగించటం మన సంస్కారానికి తగినపని. కొనేవారు కూడా ఆ మామిడిచెట్టు మొదటికాపులో నాలుగు పండ్లు పాతయజమాని ఇంటికి పంపితే పోయేదేమీ లేదు. జాబితా సరిగా వ్రాసుకున్నప్పుడే ఇట్టి సౌజన్యానికి చోటు మిగులుతుంది.