పునాదికి ముందు నేలను చూడాలి

ఆత్మకూరు: గృహప్రవేశం జరిగిన రెండు మూడేళ్లకే కిటికీ మూల నుండి బీట పైకి పాకడం ఈ ప్రాంతంలో వింతేమీ కాదు. ఇంటివారు మేస్త్రీని తిడతారు. మేస్త్రీ సిమెంటును తిడతాడు. పునాది కింద ఉన్న మట్టిని ఎవరూ తలచుకోరు.

ఆత్మకూరు చుట్టూ నేల ఒక్కతీరుగా లేదు. బైర్లూటి వైపు నల్లమల అంచున గరుసు, రాళ్లు కలిసిన ఎర్రనేల. కె.సి. కాలువ వైపు దిగేకొద్దీ నల్లరేగడి. ఒకే ఊరిలో గుట్ట పక్క వీధి మట్టి ఒకటి, చెరువు కింది వీధి మట్టి మరొకటి.

రేగడి గుణం రైతుకు చెప్పనక్కరలేదు. ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. వానకు ఉబ్బుతుంది. తడిని పట్టి ఉంచే ఆ గుణం వల్లనే వానలు వెనుదిరిగాక కూడా శనగ పండుతున్నది. ఇంటికి మాత్రం అదే ముప్పు. నేల అంతటా సమంగా లేచి కుంగితే ఫరవాలేదు. కాని బయటి గోడల కింద తడి మారినట్లు ఇంటి నడుమ మారదు. అందుకే గోడ చీలుతుంది. లోతైన రేగడిలో ఈ కదలిక పది పన్నెండు అడుగుల వరకు ఉండవచ్చునని ఇంజనీర్లు చెబుతారు. అట్టి చోట మూడడుగుల పునాది ఏమి ఆపగలదు?

పాతకాలపు మిద్దెలను చూడండి. దూలాలు, దంతెలు, పైన చౌడు మట్టి. ఆ బరువు చాలావరకు కొయ్య స్తంభాలమీద ఉండేది. గోడ కొంచెం కదిలినా కప్పు నిలిచేది, బీటకు మట్టి మెత్తితే సరిపోయేది. సిమెంటు గోడకు, స్లాబుకు ఆ సర్దుబాటు లేదు.

ఇక్కడే ప్రభుత్వ పథకాల లోపం కనిపిస్తున్నది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి 1.80 లక్షల రూపాయలు నిర్ణయించారు. ఎర్ర గరుసు నేలలో స్థలం వచ్చిన వానికీ అంతే, రేగడిలో వచ్చిన వానికీ అంతే. మొదటివాడు రెండు మూడడుగులకే గట్టి నేల చూస్తాడు. రెండవవాడు సొమ్ములో పెద్ద భాగం భూమిలోనే పోస్తాడు, లేదా పైపైన కట్టి ఆనక బీటలు పూడ్చుకుంటాడు. అప్పు పుట్టేది కూడా ఆ రెండవవాని ఇంట్లోనే. రేగడికి తగిన, అడుగున ఉబ్బుగా ఉండే పైళ్ల పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఏనాడో రూపొందించింది. అది పేదవానికి భారమే. కనీసం పునాది కింద రేగడి తీసి గరుసు పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించడం, గోడల కింద కాంక్రీటు బీము వేయడం, ఇంటి చుట్టూ మూడు నాలుగడుగులు నాపరాళ్లు పరచి వాననీరు దూరంగా పోనివ్వడం అవసరం. వట్టి ఇసుకతో నింపితే ఆ గుంతే నీటి తొట్టి అవుతుంది.

మరుగుదొడ్ల కథా ఇంతే. 2014లో మొదలైన స్వచ్ఛభారత్ కింద కేంద్రం ఒక్కో గ్రామీణ మరుగుదొడ్డికి 12,000 రూపాయలు నిర్ణయించింది. ఒరలు దింపి గుంత కట్టారు. రేగడిలో ఆ గుంత నీరు తాగదు. వానాకాలం వస్తే పొంగుతుంది. దానితో ఇంటివారు తలుపు వేసి మళ్లీ చెంబు పట్టుకుంటారు. జనానికి అలవాటు లేదని నిందించడం సులువు! ఒరల చుట్టూ అడుగు మందాన గులకరాళ్లు, ఇసుక నింపితే నీరు ఇంకే జాగా పెరుగుతుంది. ఒకటి నిండితే మరొకటి వాడుకునేలా రెండు గుంతలు ఉండాలి. గరుసు నేలలో చిక్కు దీనికి తలకిందులు. అక్కడ మురుగు వేగంగా దిగి బావిలో, బోరులో కలిసే ప్రమాదం ఉన్నది. గుంతకు, తాగునీటి బావికి కనీసం 10 మీటర్ల ఎడం ఉండాలి. నేల మరీ గుల్లగా ఉంటే అదీ చాలదు.

పెరటి విషయంలో ఆడవారికి తెలిసినంత అధికారులకు తెలియదు. రేగడిలో బొప్పాయి మొదట నీరు నిలిస్తే కుళ్లిపోతుందని, మిట్ట చేసి నాటాలని వారికి తెలుసు. ఎర్రనేలకు దిబ్బఎరువు, చెరువు ఒండ్రు తోలాలనీ తెలుసు. కాని రేగడిలో స్నానాల నీటిని గోడ పక్కనే చెట్లకు పారించడం మంచిది కాదు. ఆ గోడ కింది నేల ఒక్కవైపే ఉబ్బుతుంది. వేప వంటి పెద్ద చెట్టు తడి లాగేసి నేలను కుంగదీస్తుంది కనుక దానిని కూడా గోడకు బాగా ఎడంగా నాటాలి.

2019 నుండి గ్రామ సచివాలయాలలో ఇంజనీరింగు సహాయకులు ఉన్నారు. పట్టాలు పంచకముందే ప్రతి లేఅవుటులో నాలుగైదు చోట్ల గుంతలు తీసి మట్టి చూడడం వారికి పెద్ద పని కాదు. ఆ గుంతలనే ఒకరోజు నీటితో నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు ఇంకినదో కొలిస్తే మరుగుదొడ్డి లెక్క కూడా తేలిపోతుంది. రేగడి అని తేలిన స్థలాలకు పునాది ఖర్చు విడిగా మంజూరు చేయించవలసిన బాధ్యత గృహనిర్మాణ శాఖది.