నడుము విరిగినవాడిని పుండు చంపకూడదు

తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికుడు ప్రాణాలతో ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. గండం గడిచిందనుకుంటారు. అసలు గండం ఇంట్లో మంచం మీద మొదలవుతుందని చాలామందికి తెలియదు. పిరుదుల పైన, తుంటి దగ్గర, మడమల మీద పుండ్లు లేస్తాయి. చీము పడుతుంది, వాసన వస్తుంది. పలకరించ వచ్చేవారు తగ్గిపోతారు. ‘వాడి రాత అట్లా ఉంది’ అని ఊరు సరిపెట్టుకుంటుంది.

ఇది రాత కాదు. జాగ్రత్తపడితే చాలావరకు రాకుండా ఆపగలిగిన పుండు.

వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు పడిపోవడమే కాదు, స్పర్శ కూడా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలోనైనా ఒళ్లు ఒత్తుకుంటే పక్కకు తిరుగుతాడు. స్పర్శ లేనివాడికి ఆ బాధ తెలియదు. ఎముకకూ పరుపుకూ నడుమ చర్మం నలిగి, రక్తం అందక కొన్ని గంటల్లోనే చచ్చుబడుతుంది. పైకి రూపాయి బిళ్లంతే కనిపించినా లోపల ఎముక దాకా గుంట పడవచ్చు. ఆ విషం రక్తంలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మానడానికి నెలలు పడుతుంది.

డబ్బున్నంత మాత్రాన ఇది వదిలిపెట్టదు. సినిమాల్లో సూపర్‌మ్యాన్‌గా వేసిన అమెరికా నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. 2004లో ఇలాంటి పుండుకే చికిత్స పొందుతూ గుండె ఆగి చనిపోయాడు. మరోవైపు 1944లోనే ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ దారి చూపాడు. అంతకుముందు వెన్ను విరిగిన సైనికులు చాలామంది పుండ్లతో, మూత్రపు జబ్బులతో పోయేవారు. ఆయన పగలూ రాత్రీ రెండేసి గంటలకు పక్క తిప్పించాడు. చావులు తగ్గాయి.

చేయవలసిన పనులు పెద్దవి కావు. మంచం మీద ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఈడ్చకూడదు, ఎత్తి జరపాలి. నులక మంచం మీద ఉత్త దుప్పటి పరిచి పడుకోబెట్టకూడదు. మందపాటి స్పాంజి పరుపు ఉండాలి. గాలి పరుపు కొన్నా పక్క తిప్పడం మానరాదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. బండిలో కూర్చునేవారు పావుగంటకో, అరగంటకో ముందుకు వంగి, పక్కలకు ఒరిగి, ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీయాలి. నడుమ బొక్క ఉన్న రింగు దిండు వాడరాదు.

ఉదయం, సాయంత్రం ఒళ్లంతా చూడాలి. ఎవరూ లేకపోతే చేతి అద్దంతో తానే చూసుకోవచ్చు. నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు. చుట్టుపక్కల కంటే నల్లబడినా, వేడిగా, గట్టిగా తగిలినా ప్రమాదమే. అక్కడ నూనె పెట్టి మర్దనా చేస్తే నలిగిన చర్మం ఇంకా నలుగుతుంది. ఆ మచ్చ పోయేదాకా దాని మీద బరువే పడనీయకూడదు. చర్మం చిట్లితే పసర్లు, పొడులు కట్టకుండా డాక్టరుకు చూపాలి. మలమూత్రాల తడి ఒంటికి ఆననీయరాదు. వేడినీళ్ల సంచి, ఎండకు కాగిన బండ ఒంటిని కాల్చినా తెలియదు. గుడ్లు, పప్పు, పాలు పెట్టాలి. బీడీ మానాలి.

అయితే ఇవన్నీ ఎవరు చేయాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. భర్త మంచాన పడితే భార్య నాట్లకో, పత్తి ఏరడానికో పోక తప్పదు. పొద్దంతా కూలి చేసి వచ్చిన మనిషి రాత్రి నాలుగుసార్లు లేచి పక్క తిప్పాలి. ఒకరోజు ఒళ్లెరగక నిద్రపోతే పుండు లేస్తుంది. అప్పుడు ‘సరిగా చూసుకోలేదు’ అని ఆమెనే ఆడిపోసుకుంటారు. ఇది అన్యాయం.

ఆసుపత్రి నుంచి పంపేముందు పక్క తిప్పడం, ఒళ్లు చూడడం ఇంటివారి చేత చేయించి నేర్పాలి. మందుల చీటీతో బాధ్యత తీరదు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్త బాలింతలను చూసినట్లే మంచాన పడ్డవారినీ చూసి రావాలి. వీల్‌చైర్ ఇచ్చేవారు తగిన మెత్త కూడా ఇవ్వాలి. ఉత్త బండి పుండుకు దారి. చెట్టు మీద నుంచి పడకుండా 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్లు పంచడం మొదలుపెట్టింది. మంచి పనే. అంతకుముందే పడినవారికి పరుపు ఇవ్వడం అంతకన్నా పెద్ద ఖర్చేమీ కాదు.

ఊరికీ వంతు ఉంది. మోకు కట్టేటప్పుడు తోడున్న సంఘం మంచం దగ్గరా తోడుండాలి. పగటిపూట ఇద్దరు వంతులు వేసుకుని పక్క తిప్పితే ఆ ఇల్లాలు నిశ్చింతగా కూలికి పోతుంది. పోయాక చందాలు పోగుచేసే ఊరు, బతికుండగా రెండు గంటలకోసారి ఒక చెయ్యి వేయలేదా?