వాసన బాగుంటే తైలం మంచిదేనా?

నెల్లూరు తీర గ్రామాల్లో తైలం సీసాకు వున్న గౌరవం ఇంతా అంతా కాదు. వేట నుంచి వచ్చినవారు నడుము నొప్పికి అదే రాసుకుంటారు. జలుబు చేస్తే నీలగిరి తైలం, పన్ను సలిపితే లవంగ నూనె, దోమలు ముసిరితే నిమ్మగడ్డి నూనె. డాక్టరు దగ్గరకు వెళ్ళేది ఆ తరువాతనే. అయితే ఆ సీసాలో ఏముందో విచారించి కొనేవారు తక్కువ. మూత తీసి వాసన చూస్తారు. ఘాటుగా వుంటే మంచి సరుకని డబ్బులిస్తారు. సంతల్లో, తిరునాళ్ళలో, బస్టాండ్ల వద్ద పేరూ వూరూ లేని సీసాలు అమ్మేవారికి ఈ నమ్మకమే పెట్టుబడి.

ఈ తైలాలు కొబ్బరి నూనె, నువ్వుల నూనె వంటివి కావు. ఇవి గాలికి ఆవిరైపోయే నూనెలు. నిమ్మకాయ తొక్కను దీపం ముందు వంచి నొక్కితే చిటపటమని మంట లేస్తుంది. అలా మండేది తొక్కలోని నూనే. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల వద్ద పెరిగిన పిల్లలకు కూడా ఇది తెలుసు. తొక్క నుంచైతే పిండి తీస్తారు. గడ్డి, ఆకు, వేరు నుంచైతే బట్టీలో ఆవిరి పట్టి తీస్తారు. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డికి దిగేది అర కిలోకు కాస్త అటూ ఇటూగా మాత్రమే. వట్టివేరును ఏడాదిన్నర పెంచి తవ్వి, గంటల తరబడి ఆవిరి పట్టినా వంద కిలోలకు కిలో నూనె రావడం గొప్ప. ఈ లెక్క తెలిసినవారికి, చవగ్గా వచ్చిన పెద్ద సీసాలో అసలు ఎంత, కలిపినది ఎంత అన్న అనుమానం రాక తప్పదు.

జిల్లాలో జామాయిలు తోటలకు కొదవ లేదు గనుక నీలగిరి తైలం ఇక్కడి ఆకుదేనని అనుకునేవారున్నారు. ఈ తోటలు ముఖ్యంగా పేపరు మిల్లులకు కర్ర కోసం పెంచేవి. మందుగా వాడే నీలగిరి తైలంలో సినియోల్ అనే పదార్థం నూటికి 60 పాళ్ళకు తగ్గకూడదని భారత ఔషధ ప్రమాణ గ్రంథం చెబుతోంది. నలిపితే వాసన వచ్చిన ప్రతి ఆకూ ఆ లెక్కకు తూగదు.

కల్తీని ముక్కు పట్టుకోలేదు. టర్పెంటైన్ కలిపినా, మినరల్ ఆయిల్ కలిపినా, ఫ్యాక్టరీలో చేసిన సెంటు కలిపినా పైకి వాసన బాగానే వుంటుంది. తెల్ల కాగితంపై చుక్క వేసి మర్నాడు చూస్తే జిడ్డు మరక మిగిలిందా లేదా అని కొందరు పరీక్షిస్తారు. వంట నూనె కలిపితే అది కొంతవరకు పట్టిస్తుంది. కాని టర్పెంటైన్ కూడా ఆవిరైపోయేదే. పైగా వట్టివేరు, చందనం వంటి చిక్కటి నూనెలు మంచివైనా మరక అంత తొందరగా పోదు. నిజం తేల్చేది ప్రయోగశాలే.

కొనేవారి చేతిలో వున్నది చీటీ చదవడం. ఏ మొక్క, ఏ భాగం నుంచి తీసినది, తయారుచేసినవారి పేరు, చిరునామా, బ్యాచి నెంబరు, గడువు తేదీ వుండాలి. నీలగిరి తైలం మందుగా కొంటుంటే లైసెన్సు నెంబరు, 'ఐ.పి.' అక్షరాలు చూడాలి. ముదురు రంగు గాజు సీసా, విప్పని సీలు వుండాలి. ఎండలో తోపుడు బండి మీద మగ్గిన తైలం మొదట మంచిదైనా చెడిపోతుంది. బిల్లు అడగడం మరవరాదు.

పేదవారు చవక సరుకు కొనక ఏం చేస్తారని కొందరంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని మందుల షాపులో సీలు వున్న చిన్న సీసా కొని చుక్కల్లో వాడుకుంటే అది చాలా కాలం వస్తుంది. పెద్ద సీసా కల్తీ నూనె కొని పోగొట్టుకునే డబ్బు అంతకంటె తక్కువేమీ కాదు.

మరొక అపోహ ఇంకా ప్రమాదకరమైనది. స్వచ్ఛమైనదైతే ఎంత వాడినా హాని లేదంటారు. స్వచ్ఛమైనకొద్దీ ఘాటు ఎక్కువ. చర్మానికి రాసేటప్పుడు చెంచా కొబ్బరి నూనెకు రెండు మూడు చుక్కలు చాలు. పిండి తీసిన నిమ్మతొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. పగలంతా సముద్రం మీద వుండేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. పసిపిల్లల ముక్కు దగ్గర నీలగిరి తైలం, కర్పూరం పూయడం తగదు. కడుపులోకి కొద్దిగా పోయినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఈ రెండింటితో చేసిన మందులు రాసుకుని, పీల్చి లేదా మింగి ఫిట్స్ వచ్చిన 55 మంది వివరాలను దక్షిణాది వైద్యులు 2021లో ప్రచురించారు. పొరబాటున తాగిన పిల్లలకు వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కు ఫోను చేయాలి.

జాగ్రత్త అంతా కొనేవారి మీదనే వేసి వూరుకోవడం న్యాయం కాదు. ఔషధ నియంత్రణ అధికారులు పట్టణాల్లోని షాపులతో ఆగక సంతలకు, తిరునాళ్ళకు కూడా వచ్చి నమూనాలు తీయాలి. ఆ ఫలితాలు పంచాయతీ బోర్డు మీద తెలుగులో అంటించాలి. పిల్లల విషయంలో జాగ్రత్తలు తల్లులకు చెప్పే బాధ్యత ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు తీసుకోవాలి. మోసపోయినవారు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళపై ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లు చేతిలో వుంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. చీటీ లేని సీసాను వద్దని పదిమంది తిప్పి పంపితే, పదకొండోవారి దగ్గరకు దాన్ని తెచ్చే ధైర్యం అమ్మేవారికి వుండదు.