వాల్యుయర్ వచ్చే రోజు తాళం ఎవరి దగ్గరుంది?

హోమ్‌లోన్‌కి అప్లై చేశారు. సిబిల్ స్కోరు బాగుంది, శాలరీ స్లిప్పులు ఇచ్చేశారు, బ్యాంకులో అందరూ నవ్వుతూనే మాట్లాడారు. ఇంకేముంది, అయిపోయినట్టే అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ఒక ఫోన్ వస్తుంది. 'సార్, ప్రాపర్టీ వాల్యుయేషన్‌కి వస్తున్నాం. ఇల్లు ఎవరు చూపిస్తారు?'

మా విషయంలో ఎవరూ చూపించలేదు. కూకట్‌పల్లిలో మేం కొంటున్నది పాత ఫ్లాట్. ఓనరు ఉండేది విజయవాడలో. అద్దెకున్నవాళ్లేమో ఆ రోజు ఊరెళ్లారు. వాల్యుయర్ వచ్చి బిల్డింగ్ ఫొటో తీసుకుని, తలుపుకున్న తాళం చూసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన మా వైపు రావడానికి ఆరు రోజులు పట్టింది. అగ్రిమెంటు గడువు 45 రోజులు, అందులో 30 అప్పటికే గడిచిపోయాయి. 3 లక్షల అడ్వాన్సు ఓనరు చేతిలో ఉంది. ఆ ఆరు రోజులూ నాకు సరిగ్గా నిద్ర పడితే ఒట్టు!

వాల్యుయర్ అంటే సాధారణంగా బ్యాంకు ప్యానెల్‌లో ఉండే సివిల్ ఇంజనీరు. బ్యాంకు ఉద్యోగి కాదు, మన మనిషీ కాదు. టేపుతోనో లేజర్ మీటర్‌తోనో గదులు కొలుస్తారు. నాలుగు వైపులా హద్దులు, ముందున్న రోడ్డు, బిల్డింగ్ వయసు, పార్కింగ్ చూస్తారు. డోర్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీస్తారు. చుట్టుపక్కల ఎంత రేటు నడుస్తోందో వాకబు చేస్తారు. ఫ్లాట్ అయితే ఇదంతా అరగంట పని. ఆలస్యం అసలు అక్కడ కాదు. కాగితం ఒకటి చెప్పి, ఇల్లు ఇంకోటి చెబితే ఫైల్ ఆగుతుంది.

మా ఫ్లాట్‌నే తీసుకోండి. దస్తావేజులో ఒక డోర్ నంబర్, గుమ్మం పక్కన ఇంకో నంబర్. మునిసిపాలిటీ వాళ్లు ఎప్పుడో నంబర్లు మార్చారట. 'ఇది అదే ఫ్లాట్ అని నేనెలా రాయను?' అన్నాడు వాల్యుయర్. పాయింటే కదా! చివరికి పాత నంబర్, కొత్త నంబర్ రెండూ ఉన్న ఆస్తిపన్ను రసీదు ఓనరు పాత బీరువాలో దొరికితే బయటపడ్డాం. అదే రసీదు ముందురోజు వాట్సాప్‌లో పంపించుంటే ఆ టెన్షనే ఉండేది కాదు.

అందుకే ఫోన్ వచ్చేలోపే సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తాజా ఆస్తిపన్ను రసీదు ఒక్క పీడీఎఫ్‌గా చేసి ఫోన్‌లో పెట్టుకోండి. ఈసీని తెలంగాణలో అయినా ఆంధ్రాలో అయినా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. టైటిల్ సంగతి బ్యాంకు లాయరు విడిగా చూస్తారు గానీ, హద్దులు, విస్తీర్ణం వాల్యుయర్‌కీ కావాలి. లొకేషన్ పిన్ పంపండి. ఇల్లు చూపించే మనిషి నంబర్ ఇవ్వండి. వాచ్‌మన్‌కీ ఒక మాట చెప్పి ఉంచండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ప్లాన్. నాలుగు అంతస్తులకే పర్మిషన్ తీసుకుని పైన పెంట్‌హౌస్ కట్టిన బిల్డింగులు మన హైదరాబాద్‌లో వీధికొకటి కనిపిస్తాయి. చూడ్డానికి భలే ఉంటుంది, పక్క ఫ్లాట్ కన్నా చవగ్గానూ వస్తుంది. కానీ ప్లాన్‌లో లేని అంతస్తుకి మామూలుగా బ్యాంకు లోన్ ఇవ్వదు. బాల్కనీ మూసేసి గది చేసినా ప్రశ్న వస్తుంది. ఇలాంటివి అడ్వాన్సు ఇచ్చాక వాల్యుయర్ నోట వినకూడదు. అడ్వాన్సు ఇవ్వకముందే ప్లాన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి.

ఇల్లు సర్దడం, రంగులు వేయించడం మీద హైరానా వద్దు. 8 లక్షల ఇంటీరియర్స్ ఉన్నాయని ఓనరు రేటు పెంచి చెబుతాడు గానీ, వాల్యుయర్ లెక్కలోకి అవి చాలావరకు రావు. గోడలో చెమ్మ, స్లాబ్‌లో పగుళ్లు మాత్రం ఆయన కంటపడతాయి. ఇంకోటి, 'కొంచెం పెంచి రాయండి సార్' అంటూ జేబులో ఏదో పెట్టే ప్రయత్నం అసలే చేయొద్దు. పెంచి రాసిన విలువ మీద అప్పు తీర్చేది మీరే.

ఇప్పుడు అసలు లెక్క. రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం 30 లక్షల వరకు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. 60 లక్షలకు బేరం కుదిరింది, 48 లక్షల లోన్ వస్తుందనుకున్నారు. వాల్యుయేషన్ 54 లక్షలే వచ్చింది. బ్యాంకులు మామూలుగా రెండిట్లో తక్కువదే పట్టుకుంటాయి. అంటే 43.20 లక్షలు. మిగతా 4.80 లక్షలు మీ జేబులోంచి రావాలి. రిజిస్ట్రేషన్ ఖర్చులు దీనికి అదనం.

అలా తగ్గితే కంగారుపడి పర్సనల్ లోన్ యాప్ తెరవొద్దు. ముందు రిపోర్టు కాపీ అడగండి. విస్తీర్ణం తప్పు పడిందా, పార్కింగ్ వదిలేశారా చూడండి. ఉంటే బ్యాంకుకు మెయిల్ పెట్టండి, సరిచేయించే అవకాశం ఉంది. అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ రిజిస్ట్రేషన్ వివరాలు ఉంటే జత చేయండి. చిక్కేంటంటే, మనవాళ్లు చాలామంది అసలు ధర ఒకటైతే ప్రభుత్వ రేటుకే రిజిస్టర్ చేయిస్తారు. ఆ కాగితం మీకు సాయం చేయకపోగా ఎదురు తిరుగుతుంది! ఇంకో బ్యాంకును అడగడం కూడా తప్పేం కాదు. అన్నిటికన్నా ముందు, 'లోన్ రాకపోయినా, వాల్యుయేషన్ తగ్గినా అడ్వాన్సు వాపసు' అనే ముక్క అగ్రిమెంటులో రాయించుకోండి. ఓనరు ఒప్పుకోకపోతే అడ్వాన్సు మొత్తాన్నే తగ్గించుకోండి. మేం రాయించుకోలేదు, అందుకే నిద్ర పట్టలేదు.

మా రిజిస్ట్రేషన్ 44వ రోజున అయింది. ఆ సాయంత్రం తాళాలు తీసుకోవడానికి వెళితే, అద్దెకున్నాయన కాఫీ ఇస్తూ అన్నాడు. 'ఆ రోజు వస్తారని ఒక్క ఫోన్ చేసుంటే తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లేవాణ్ని కదండీ.'