స్టీలు గిన్నెల ఇంట్లో మైక్రోవేవ్

దసరా, దీపావళి ఆఫర్ల పుణ్యమా అని మైక్రోవేవ్ ఒవెన్ ఇంటికొచ్చేస్తుంది. మొదటిరోజు పాప్‌కార్న్. పిల్లలు గాజు తలుపుకి ముక్కులు ఆనించి మరీ చూస్తారు. రెండోరోజు కేకు. మూడోరోజు ఏం వండాలో తోచదు. పెట్టెతోపాటు ఇచ్చిన పుస్తకంలో పాస్తాలూ పుడ్డింగులే గానీ దొండకాయ కూర కనపడదు. ఆర్నెల్లు తిరిగేసరికి అది పాలు వేడిచేసే యంత్రంగా మిగులుతుంది. ఇంకో ఆర్నెల్లకి దానిమీద ఓ కుట్లుకుట్టిన గుడ్డ, ఆ గుడ్డమీద పూలకుండీ! (ఒవెన్ నడిచేటప్పుడు ఆ గుడ్డ తీసెయ్యాలి. గాలి పోయే కన్నాలు మూసుకుపోతాయి.)

అసలు చిక్కు గిన్నెలతోనే మొదలవుతుంది. మన వంటింట్లో పోపుల డబ్బా దగ్గర్నుంచి పెళ్లిలో పెట్టిన సామాను దాకా అంతా స్టీలే. లోహం మైక్రోవేవ్ తరంగాలను వెనక్కి కొడుతుంది. అంచులున్నచోట నిప్పురవ్వలు కూడా లేస్తాయి. బంగారు అంచు పింగాణీ కప్పులదీ అదే తంతు. మెలమైన్ పళ్లాలూ పనికిరావు. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూరని ఆ పాలిథీన్ కవరుతోనే లోపల పెట్టేవాళ్లున్నారు. ఆ పని అస్సలు చెయ్యకూడదు. వేడిని తట్టుకునే గాజు గిన్నెలు మూడు, మూతతో సహా, కొనుక్కుంటే సరిపోతుంది. ఇంట్లో ఉన్న పింగాణీ గిన్నె పనికొస్తుందో లేదో తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. దాన్ని ఖాళీగా లోపల పెట్టి, పక్కనే ఓ కప్పు నీళ్లుంచి నిమిషం తిప్పాలి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే మంచిదే. గిన్నే కాలిందంటే దాన్ని మళ్లీ అటకెక్కించడమే.

ఇక ఏం వండాలన్నది. ఈ పెట్టె వంట కోసం పుట్టింది కాదు. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థలో రాడార్ గొట్టాలతో పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ అనే ఇంజినీరు జేబులో మిఠాయి కరిగిపోయిందట. అక్కణ్నుంచి మొదలైంది కథ. లోపల సెకనుకి సుమారు 245 కోట్ల సార్లు ఊగే తరంగాలు పదార్థంలోని నీటి అణువుల్ని కుదిపేస్తాయి. ఆ కుదుపే వేడి. అంటే నీరున్న పదార్థం గబగబా ఉడుకుతుంది. నూనె అంత తేలిగ్గా వేడెక్కదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే వంటల పుస్తకంతో పనిలేదు.

బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, క్యాబేజీ, పాలకూర... వీటిలో నీళ్లకి కొదవేముంది? ముక్కలు గాజు గిన్నెలో వేసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతపెడితే పావుకిలో అయిదారు నిమిషాల్లో మెత్తబడుతుంది. మధ్యలో ఒకసారి కలపాలి. నీళ్లు పారబొయ్యం కాబట్టి వాటిలో కరిగిపోయే విటమిన్లూ ఎక్కువగా నిలుస్తాయి. తిరగమోత మాత్రం పొయ్యిమీదే. ఆవాలు చిటపటలాడకపోతే అది కూరేమిటి? బెండకాయ ముక్కలకి కాస్త నూనె పట్టించి, మూత లేకుండా నాలుగు నిమిషాలుంచితే జిగురు తగ్గుతుంది. ఆ తర్వాత బాణలిలో వేస్తే వేపుడు త్వరగా అయిపోతుంది, నూనే తక్కువ పడుతుంది. బంగాళాదుంపలకి ఫోర్కుతో నాలుగు గాట్లు పెడితే, రెండు మధ్యరకం దుంపలు ఆరు నిమిషాల్లో ఉడుకుతాయి. గాట్లు పెట్టకపోతే పేలతాయి. కోడిగుడ్డుని పెంకుతో పెట్టడం మరీ ప్రమాదం.

అసలు పండగ అప్పడాలది. రెండువైపులా నూనె చెయ్యి రాసి నిమిషంలోపు తిప్పితే పొంగి వస్తాయి. డాక్టరు వేపుళ్లు వద్దన్న ఇంట్లో ఇది చిన్న విషయమేం కాదు. కప్పు పల్లీలు నిమిషానికోసారి కలుపుతూ మూడునాలుగు నిమిషాలు వేయిస్తే చాలు. బయటికి తీశాక కూడా లోపలి వేడికి వేగుతూనే ఉంటాయి, చల్లారితేగానీ కరకరలాడవు. మెత్తగా ఉన్నాయని ఇంకో రెండు నిమిషాలు పెడితే నల్లబడిపోతాయి. కడిగి ఆరబెట్టిన కరివేపాకు రెండు నిమిషాల్లో పొడికి సిద్ధం.

చెయ్యకూడనివీ ఉన్నాయి. అన్నం వండొచ్చు గానీ కుక్కరుకంటే ముందేం అవదు. కందిపప్పు పొంగి పళ్లెమంతా పాకుతుంది. పచ్చడి కోసం వంకాయ పెడితే ఉడుకుతుందే తప్ప ఆ పొగవాసన రాదు. నిన్నటి గారెలు, పకోడీలు మెత్తగా సాగిపోతాయి. గ్రిల్ ఉన్న రకమైతే కొంత నయం. పసిపిల్లల పాలసీసా మాత్రం అందులో పెట్టొద్దు. పాలు ఒకచోట గోరువెచ్చగా, ఒకచోట సలసలా ఉంటాయి. సీసా బయట ముట్టుకుంటే ఆ తేడా తెలియదు.

కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్లకి ఓ లెక్క. 1200 వాట్ల కరెంటు తీసుకునే ఒవెన్ అయిదు నిమిషాలు నడిస్తే యూనిట్‌లో పదోవంతు. ఇక రేడియేషన్ అంటారా, తలుపు తెరవగానే తరంగాలు ఆగిపోతాయి. ఆహారంలో మిగిలేది వేడి ఒక్కటే. తలుపు సరిగా మూతపడకపోయినా, విరిగినా మాత్రం బాగుచేయించేదాకా వాడకూడదు.

నిజానికి ఈ పెట్టె ఎక్కువ అక్కరకొచ్చేది కొడుకూ కోడలూ ఉద్యోగాలకెళ్లాక మధ్యాహ్నం ఒంటరిగా ఉండే అత్తగారికో మామగారికో. చల్లటి అన్నం తినడమో, పొయ్యి వెలిగించి కట్టెయ్యడం మర్చిపోవడమో ఉండదు. టైమవగానే అదే ఆగిపోతుంది. కానీ ఇంట్లో అందరికంటే దానికి దూరంగా ఉండేదీ వాళ్లే. ఆ బటన్లూ, ఇంగ్లిషు అక్షరాలూ చూసి ‘నాకెందుకొచ్చిన గొడవమ్మా’ అంటారు. ‘అన్నం - రెండు నిమిషాలు, కూర - ఒక నిమిషం’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అతికించి, దగ్గరుండి రెండుమూడుసార్లు చేయించాలి. పొద్దున వండిన అన్నం, కూర పింగాణీ పళ్లెంలోనే సర్ది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాలి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని వేడిచేస్తే బాగుపడుతుందనుకుంటారు చాలామంది. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం మీద చెంచాడు నీళ్లు చల్లి, మూతపెట్టి, పొగలొచ్చేదాకా వేడిచెయ్యాలి. మధ్యలో చల్లగా ఉండిపోతుంది కాబట్టి ఒకసారి కలిపి చూసుకోమనాలి. స్టీలు చెంచా లోపలే మర్చిపోకుండా పక్కన ఓ చెక్క గరిటె పెట్టి వెళ్తే ఇంకా మంచిది.